వోటు చాలునా?

పట్టణములందలి పఠనమందిరములలో సాయంకాలము పత్రికలు మడిచిన పిమ్మట సాగు సంభాషణలను గమనించువారికి ఒక మాట తరచుగా వినబడుచుండును. "ఈ ఎన్నికలు, ఈ సభలు మనకు సరిపడవు. గట్టివాడొకడు పది సంవత్సరములు కొరడా పట్టి పాలించినగాని ఈ దేశము బాగుపడదు" అని యొకరందురు. ప్రక్కనున్నవారు తలయూపుదురు. ఆ మాట యనువారు దేశద్రోహులు కారు. పింఛను పుచ్చుకొను ఉపాధ్యాయులు, చిన్న వర్తకులు, వకీళ్లు, కుళాయి కొరకు పురపాలక కార్యాలయము చుట్టు తిరిగి విసిగిన గృహస్థులు. వారి విసుగు నిజమైనది. దానిని కోపముతో త్రోసిపుచ్చుట మా యభిమతము కాదు. బాధ యున్నదని రోగి మొరపెట్టుచుండగా లేదని వాదించు వైద్యుని వలన ప్రయోజనమేమి? కాని రోగి తానే మందు పేరు గూడ చెప్పి, ఆ మందు విషమైనప్పుడు, మిన్నకుండుటయు వైద్యుని ధర్మము కాదు.

మొదట రోగము మాట చెప్పుకొందము. ఆంధ్రప్రదేశ శాసనసభలో స్థానములు 175. 2019వ సంవత్సరపు ఎన్నికలలో ఒక పక్షమునకు నూటికి సుమారు 50 వోట్లు రాగా 151 స్థానములు దక్కెను. దాని కెదురు నిలిచిన పక్షమునకు నూటికి 39 వోట్లు వచ్చియు 23 స్థానములే మిగిలెను. ఐదేండ్లు తిరిగెను, బండి తలక్రిందులయ్యెను. 2024లో, మునుపు 151 గెలిచిన పక్షమునకే నూటికి 39 వోట్లు వచ్చెను, స్థానములు 11. మూడు పక్షముల కూటమికి నూటికి 55 వోట్లు, 164 స్థానములు. పక్షముల పేళ్లు చదువరులకు తెలియనివి కావు. మాకు వానితో నిచట పనిలేదు. మేమడుగునది వేరు. ప్రతి ఐదుగురిలో ఇద్దరు ఒక పక్షమును కోరిరి. పాళ్ల ప్రకారమైనచో ఆ 39 వంతులకు 68 స్థానములు రావలసి యుండెను. ఒక పర్యాయము 23, మరియొక పర్యాయము 11! అవే వోట్లు, అదే రాష్ట్రము. సభలో ఒక పక్షము గోడవలె నిలిచి, ఎదుటి బల్లలు బోసిపోయినప్పుడు చట్టములను చర్చించువారెవరు? బడ్జెటును ప్రశ్నించువారెవరు?

ఈ పద్ధతిని మనకు నేర్పిన బ్రిటనులోను కథ యిదియే. 2024 జూలైలో అచట లేబరు పక్షమునకు నూటికి 34 వోట్లయినను నిండలేదు. 650 స్థానములు గల సభలో 400లకు పైగా స్థానములు దానికి లభించెను. ముగ్గురిలో నిద్దరు వలదన్న పక్షము మూడింట రెండు వంతుల సభను ఏలుచున్నది. దీనిని ప్రజాభిప్రాయమని పిలుచుటకు మనస్సు కొంత సందేహింపక తప్పదు.

ఇట్లు ఎన్నికైన ప్రతినిధి యైనను స్వతంత్రుడా యన్నచో, అదియు లేదు. 1967లో హర్యానా శాసనసభ్యు డొకడు పదునైదు దినములలో మూడు మారులు పక్షము మార్చి దేశమునకంతకు ఒక సామెతను సమకూర్చెను. ఈ జాడ్యమునకు మందుగా 1985లో రాజ్యాంగమునకు 52వ సవరణ చేసి, పక్షము ఆజ్ఞను మీరి వోటు చేసిన సభ్యుని స్థానము పోవునని శాసించిరి. ఫలితమేమైనది? తన నియోజకవర్గపు మేలుకొరకు తన పక్షమును ధిక్కరింపదలచిన నిజాయితీపరుని నోరు మూతబడెను. పదవికొరకు గోడ దూకువానికి మాత్రము దారి దొరకుచునే యున్నది. మూడింట రెండు వంతుల మంది కలిసి దూకినచో దానికి విలీనమని పేరు. 2019 జూనులో తెలంగాణ శాసనసభయందు ఒక పక్షమువారు 12 మంది అట్లే మరియొక పక్షములో కలిసిరి. ఒక్కొక్కరుగా దూకినచో ఫిర్యాదు సభాపతి యొద్ద నిద్రించును. ఆంధ్రప్రదేశమున 2014 మొదలు 2019 వరకు నడచిన సభలో 23 మంది అట్లు దూకి, సభ గడువు తీరువరకు నిక్షేపముగా కూర్చుండిరి. చిన్న చేపను పట్టి పెద్ద చేపను విడుచు వల యిది.

ఇక ధనము మాట. శాసనసభకు పోటీచేయు అభ్యర్థి మన రాష్ట్రముల వంటి పెద్ద రాష్ట్రములలో 40 లక్షల రూపాయలకు మించి వెచ్చింపరాదని 2022లో నిర్ణయించినారు. ఆ యంకె చదివి చిరునవ్వు నవ్వని వోటరు తెలుగునాట నున్నాడా? పోలింగు నాటి ముందురాత్రి కవరులు పంచు పద్ధతి ఎంత బాహాటమైనదనగా, 2016లో అరవకురిచ్చి, తంజావూరు శాసనసభా స్థానములలోను, 2019లో వేలూరు పార్లమెంటు స్థానములోను పోలింగునే రద్దు చేయవలసి వచ్చెను. ఇది క్రింది మెట్టు. పై మెట్టున, 2018 మొదలు ఎన్నికల బాండ్ల పేర కంపెనీలు పక్షములకు రహస్యముగా ధనమిచ్చుటకు చట్టమే దారి చూపెను. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు దానిని కొట్టివేయువరకు, ఎవరు ఎవరికెంత యిచ్చిరో వోటరునకు తెలియు మార్గము లేకపోయెను. వోటునకు వేయి రూపాయలు పుచ్చుకొన్న కూలివాని నిందించుట మనకు సులభము. కోట్లు పుచ్చుకొన్నవారు దానికి చందా యని పేరు పెట్టుకొనిరి.

ఇంత చెప్పిన పిమ్మట, పఠనమందిరపు మిత్రుడు "అట్లయిన నా మాట నిజమేగదా! కొరడా పట్టువానిని పిలువుడు" అని యనవచ్చును. పిలిచి చూచినాము. 1975 జూను 25 రాత్రి మొదలు 1977 మార్చి 21 వరకు ఈ దేశమునకు ఆ యనుభవము గలదు. రైళ్లు వేళకు నడచినవనియు, గుమాస్తాలు వేళకు వచ్చిరనియు నేటికిని చెప్పుకొనువారు కలరు. ఉండవచ్చును. 1976–77 ఒక్క సంవత్సరములో 80 లక్షలకు పైగా గర్భనిరోధక శస్త్రచికిత్సలు జరిగినవి. ఎందరిని బలవంతముగా ఈడ్చుకొనిపోయిరో ఆనాటి పత్రికలు వ్రాయలేకపోయినవి. పత్రికల నోళ్లు కట్టినవారికి ప్రజల మనస్సు తెలియుట యెట్లు? వారు ఎన్నికలు పెట్టిరి, ఓడిపోయిరి. ఒక్క తుపాకి ప్రేలకుండ, ఒక్కని తల తెగకుండ, దేశమును ఏలుచున్నవారిని దేశము ఇంటికి పంపెను. ప్రజాప్రభుత్వములో నెన్ని లోపములున్నను ఈ యొక్క గుణము మరి యే ప్రభుత్వమునందును లేదు. దీనిని చేజార్చుకొని మరేమి సంపాదించినను నష్టబేరమే.

చీనా దేశపు దృష్టాంతమింకను భయంకరము. 1959 మొదలు 1961 వరకు ఆ దేశమున క్షామము కోట్ల ప్రాణములను బలిగొనెను. పంట తగ్గినను తగ్గినదని చెప్పుటకు క్రింది యధికారులకు ధైర్యము చాలలేదు. లేని ధాన్యమునకు లెక్కలు వ్రాసి పంపిరి. పైవారు ఆ లెక్కలను నమ్మి ఉన్న గింజలను గూడ ఊడ్చుకొనిపోయిరి. రాజునకు నిజము చెప్పువాడు లేని రాజ్యమున రాజు మంచివాడైనను చెడ్డవాడైనను ఫలమొక్కటే. "మేము కోరునది రామరాజ్యము" అని కొందరందురు. శ్రీరామచంద్రునంతటివాడే దొరకునని పూచీ పడువారెవరు? దొరికెనే యనుకొందము. ఊరిలోని యొక సామాన్యుని మాట ఆయన చెవినిబడెను; అది రాజుగారి యింటినే తాకు మాటయైనను ఆ సామాన్యుని శిక్షింపలేదు. ఆ మాటపై ఆయన చేసినది న్యాయమా కాదా యను వాదము వేరు. నేటి కొరడా భక్తులు ఆ కథలోని కిరీటమునే చూచుచున్నారు గాని, చెవిని చూచుట లేదు.

నిపుణుల ప్రభుత్వము కావలెననువారును కలరు. చదువరులకు ఈ వాదము ప్రీతికరముగా నుండుట సహజము. తామును నిపుణులలో చేరుదుమను ఆశ లోలోపల నుండును. ఇంజనీరు వంతెన యెట్లు కట్టవలయునో చెప్పగలడు. ఏ యూరికి ముందు కట్టవలయునో చెప్పుట ఆయన శాస్త్రములో లేదు. దీనిపై నింతకన్న వ్రాయ నక్కరలేదు.

మన దేశమునకు మిక్కిలి దగ్గరైనది, మేమును చిరకాలము మక్కువతో తలచినది, గ్రామస్వరాజ్య మార్గము. పార్లమెంటు పద్ధతిని గాంధీ మహాత్ముడు 1909లోనే "హింద్ స్వరాజ్" నందు తీవ్రముగా నిరసించెను. తరువాతి కాలమున ఆయన గ్రామము కేంద్రముగా, నీటిపై వలయములు విస్తరించినట్లు విస్తరించు ప్రభుత్వమును ఊహించెను. అందు పైవలయము క్రింది వలయమును అణచదు, దానినుండి బలము పొందును. రాజ్యాంగ సభలో ఈ యూహకు చోటు దొరకలేదు. 1948 నవంబరు 4న డాక్టరు అంబేడ్కరు చిత్తురాజ్యాంగమును ప్రవేశపెట్టుచు, గ్రామము సంకుచితత్వమునకును, అజ్ఞానమునకును, మతవైషమ్యమునకును ఆటపట్టని నిర్మొహమాటముగా చెప్పెను. మన ప్రకాశము పంతులుగారును, రంగాగారును గ్రామముల పక్షమున వాదించిరి. తుదకు 40వ అధికరణముగా పంచాయతుల మాట ఆదేశిక సూత్రములలో చేరెను. కోర్టున నిలువని సూత్రములలో ననుట.

పంతులుగారియందు మాకు గల గౌరవము చదువరు లెరిగినదే. అయినను, అంబేడ్కరుగారి మాటను కోపము చల్లారిన తరువాత చదివినచో, అది యూరి వెలుపలి వాడనుండి చూచిన మనుష్యుని సాక్ష్యమని తెలియును. ఊరి నడుమ నివసించినవారికి రచ్చబండ చల్లగా నుండెను. దానిపై కూర్చుండు హక్కు లేనివాని కది యెట్లుండెనో అడుగవలసినది వానినే. ఈనాడును సర్పంచి పదవికి ఎన్నిక లేకుండ, గుడికి ఇన్ని లక్షలిచ్చినవానికి పదవియని వేలము పాడి, దానికి "ఏకగ్రీవము" అని పేరు పెట్టుచున్న గ్రామములు మన తెలుగునాట లేవా? ఆ గ్రీవమెవరిదో, పాటలో పాల్గొనుటకు రొక్కము లేని కూలివాని నడిగిన చెప్పును.

1959వ సంవత్సరమును చదువరులు ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలయును. ఆ యేడు అక్టోబరు 2న రాజస్థానములోని నాగౌరులో నెహ్రూగారు పంచాయతిరాజ్యమును ప్రారంభించిరి. వెంటనే నాటి మన పాలమూరు జిల్లాలోని షాద్‌నగరమునందును ఆ దీపము వెలిగెను. ఆ యేడే జయప్రకాశ నారాయణుగారు, పక్షములు లేని ప్రజాప్రభుత్వము కావలెననియు, గ్రామసభలు పైసభల నెన్నుకొనుచు మెట్లు మెట్లుగా ఢిల్లీ వరకు పోవలెననియు ఒక సుప్రసిద్ధమైన నివేదనము ప్రకటించిరి. ఆ యేడే, ఆ అక్టోబరులోనే, సరిహద్దునకు ఆవల పాకిస్తానమున ఆయూబు ఖాను గారు "మౌలిక ప్రజాస్వామ్యము" అను పథకము ప్రకటించెను. ఒక యేడాది ముందు సైన్యముతో ప్రభుత్వమును కైవసము చేసికొన్న సేనాని యాయన. ఆ పథకములోనివియు గ్రామపు మెట్లే! ప్రజలు 80,000 మంది స్థానిక ప్రతినిధుల నెన్నుకొనిరి. ఆ 80,000 మంది సేనానిని అధ్యక్షునిగా నంగీకరించిరి. కోట్ల ప్రజలను బెదరించుట కష్టము. 80,000 మందిని బెదరించుట, కొనుట, తహసీలుదారుచే పిలిపించి మాటలాడించుట సులభము. మరునాటి సంవత్సరము డిసెంబరులో నేపాళమున మహేంద్ర మహారాజు ఎన్నికైన మంత్రివర్గమును చెరసాలకంపి, పక్షములను నిషేధించి, తన ప్రభుత్వమునకు పంచాయతి వ్యవస్థయనియే పేరు పెట్టెను. 1990 వరకు ఆ పేరిట రాచరికము సాగెను.

జయప్రకాశుగారు త్యాగధనులు, 1975లో కొరడా పాలన నెదిరించి చెరసాలకేగినవారు. ఆయన యూహను సేనానియూహతో నొకగాటను గట్టుట మా యుద్దేశము కాదు. కాని మెట్లు కట్టినవాని మనస్సు మంచిదైనంత మాత్రమున ఆ మెట్లెక్కువాడు మంచివాడు కానేరడు. ప్రజలకును పాలకునకును నడుమ మెట్లెన్ని పెరిగిన, ప్రజల చేయి పాలకుని మెడకు అంత దూరమగును. గ్రామమునకు అధికారము ఉండవలెననుట యొకటి. గ్రామముల ద్వారముననే ఢిల్లీ నెన్నుకొనవలెననుట వేరొకటి. మొదటిదానికి మేము నేటికిని భక్తులమే. రెండవదానిని విడిచితిమి.

మొదటిదైనను మనకు దక్కినదా? 73వ, 74వ సవరణలు 1993లో అమలునకు వచ్చెను. గడువు తీరినంతనే స్థానిక ఎన్నికలు జరుపవలెనని రాజ్యాంగమే ఆజ్ఞాపించెను. ఆంధ్రప్రదేశమున 2018 ఆగస్టులో పంచాయతుల గడువు తీరెను. ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగెను. నడుమ రెండున్నర యేండ్లు ప్రత్యేకాధికారుల దొరతనము. తెలంగాణలో 2024 ఆరంభమున గడువు తీరగా ఆ సంవత్సరమంతయు అదే దొరతనము. ఏ పక్షము ఏలుచున్నను ఈ విషయమున ఐకమత్యము మెచ్చదగినది. కేరళములో 1996 మొదలు ప్రణాళికా ధనములో మూడవ వంతునకు మించి స్థానిక సంస్థల చేతికిచ్చిరి. మన రెండు రాష్ట్రముల రాజధానులును గ్రామమునకు ప్రసంగములు మాత్రము ధారాళముగా నిచ్చుచున్నవి.

ఇపుడు చదువరుల నొక పాతగుడికి తీసికొనిపోవుదుము. కాంచీపురమునకు సమీపమున ఉత్తరమేరూరను గ్రామము కలదు. అచటి వైకుంఠ పెరుమాళ్ గుడి గోడలమీద పరాంతక చోళుని కాలపు శాసనములు, సుమారు 920వ సంవత్సరము నాటివి, చెక్కబడియున్నవి. ఆ యూరిని 30 వార్డులుగా విభజించిరి. ఒక్కొక్క వార్డులో అర్హులైనవారి పేళ్లు తాటాకు ముక్కలమీద వ్రాసి కుండలో వేయుదురు. ఊరివారందరు చిన్న పెద్ద సభలో చేరుదురు. లోపలి పేళ్లు తెలియని బాలుని పిలిచి కుండలోనుండి ఒక చీటీ తీయుమందురు. దానిని అందుకొను మధ్యస్థుడు అయిదు వ్రేళ్లు చాచి, తెరచిన అరచేతిలో పట్టవలయును. మరియొక చీటీ వ్రేళ్లసందున దాచుటకు వీలులేకుండ! చదివి అందరికి వినిపించిన పేరువాడు ఆ యేటికి సభ్యుడు. చెరువునకొక సంఘము, తోటలకొక సంఘము, బంగారపు నాణ్యమునకొక సంఘము, ఇట్లు పనులు పంచుకొందురు. 360 దినములతో పదవి సరి. గడచిన మూడేండ్లలో సభ్యుడైనవాని పేరు కుండలో వేయరాదు. మునుపు సంఘములలో నుండి లెక్కలు చూపనివానికి అర్హత లేదు. వానికే కాదు, వాని దగ్గరి చుట్టములకును లేదు.

వేయి సంవత్సరములకు పూర్వము మన పొరుగున ఒక గ్రామము లంచమెట్లు పుట్టునో, చుట్టరిక మెట్లు ప్రాకునో ఎరిగి, ఆ దారులను వ్రేళ్లసందుతో సహా మూసినది. గర్వపడవలసినదే. కాని గర్వమునకు కళ్లుండవలయును. ఉత్తరమేరూరు బ్రాహ్మణ అగ్రహారము. కుండలో పేరు వేయుటకు భూమి యుండవలెను, వేదము వచ్చియుండవలెను, వయస్సు 35కును 70కిని నడుమ నుండవలెను. స్త్రీలకును, భూమి దున్నువారికిని అందు పేరు లేదు. కుండ మంచిది. అందులో వేసిన పేళ్లు కొందరివే.

చీటీల పద్ధతి మన సొత్తు మాత్రమే కాదు. ఏథెన్సు నగరమున క్రీస్తునకు పూర్వము అయిదవ, నాలుగవ శతాబ్దులలో 500 మంది సభ్యుల ఆలోచన సభను చీటీలతోనే నింపిరి. ఒక మనుష్యుడు జీవితములో రెండు మారులకు మించి అందు కూర్చుండరాదు. సేనానులను మాత్రము ఎన్నుకొనిరి, యుద్ధము చేయుట అందరికి రాదు గనుక. చీటీ ప్రజాప్రభుత్వమునకును, ఎన్నిక కొద్దిమంది ప్రభుత్వమునకును లక్షణమని అరిస్టాటిలు అభిప్రాయపడెను. నేడు మనకిది తలక్రిందుగా తోచును. ఆలోచించిన, నిజము లేకపోలేదు. ఎన్నికలో గెలువవలెనన్న పేరుండవలెను, ధనముండవలెను, కులబలముండవలెను, నాలుక వాడిగా నుండవలెను. ఇవన్నియు గలవారు ఏ యూరిలోనైనను ఎందరు? కుండ ఇవేవియు నడుగదు.

"అవివేకుని పేరు వచ్చినచో?" అనెదరు. రావచ్చును. క్రీస్తునకు పూర్వము 399లో సోక్రటీసునకు మరణదండన విధించిన న్యాయసభ్యులు చీటీలచే వచ్చినవారే. ఈ సత్యమును దాచి వాదించుట మాకిష్టము లేదు. అందుచేత చట్టములు చేయు సభలను, ప్రాణములు తీయు అధికారమును కుండకు అప్పగింపుమని మేము చెప్పుట లేదు. చీటీ పనికివచ్చు చోటు వేరు. ఐర్లండులో 2016 మొదలు చీటీ పద్ధతిని ఎంపికైన 99 మంది సామాన్యులు ఒక న్యాయమూర్తి అధ్యక్షతన వారాంతములందు కూడి, గర్భస్రావమును గూర్చిన చిక్కుప్రశ్నను చర్చించిరి. ఆ కాథలికు దేశమున ఏ పక్షమును తాకుటకు జంకిన ప్రశ్న యది. వైద్యుల మాట, మతగురువుల మాట, స్త్రీల మాట విని సలహా యిచ్చిరి. 2018 మేలో ప్రజలందరి వోటునకు పెట్టగా నూటికి 66 మంది దాని నంగీకరించిరి. ప్రతిసారియు ఇట్లే జరుగదు. 2024 మార్చిలో, మరియొక పౌరసభ సలహా నుండి పుట్టి ప్రభుత్వము వ్రాసికొనివచ్చిన రెండు సవరణలను అదే ప్రజలు తిరస్కరించిరి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2004లో 160 మంది ఇట్లే కూడి, వోట్ల పాళ్లకు స్థానములు సరిపడు ఎన్నిక పద్ధతిని సూచించిరి. 2005లో నూటికి 57 మందికి పైగా ఔననిరి. నూటికి 60 కావలెనని ప్రభుత్వము ముందే గీత గీసియుండుటచే అది వీగిపోయెను. గీత గీసినవారు పాతపద్ధతిలో గెలిచినవారని వేరుగా చెప్పవలెనా?

కాబట్టి మా యభిప్రాయమిది. వోటు ఉండవలయును. పాలకుని ఇంటికి పంపు ఆయుధము అదియే గనుక దానిపై చేయివేయు నే సంస్కర్తనైనను అనుమానముతో చూడవలయును. వోట్ల పాళ్లకు స్థానములు దగ్గరగు పద్ధతి రావలయును. ఈ మార్పు ఇప్పటి పద్ధతిలో లాభపడినవారి చేతిలో నున్నది గనుక ఆలస్యమగునని మేమెరుగుదుము. కాని వోటు చేయలేని పని యొకటి కలదు: ఐదేండ్లలో మిగిలిన 1,825 దినములు కావలి కాయుట. ఆ పనికి కుండ తగినది. ముందుగా ఎవని పేరు వచ్చునో తెలియనిచో ముందుగా ఎవనికి కవరు పంపుదురు? వచ్చిన పిమ్మట కొనుటకు ప్రయత్నింతురు. అందుకే యేడాది గడువు, అందుకే లెక్క చూపనివాని చుట్టములకును నిషేధము.

ఇది మన ప్రజలకు చేతగాదనువారు ఒక విషయమును మరచుచున్నారు. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము క్రింద జరిగిన పనులకు ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2006 మొదలు సామాజిక తనిఖీ నడిపిరి. కూలివారి కుటుంబములలోని యువకులు, యువతులు హాజరు పట్టీలను ఇల్లిల్లు తిరిగి చదివిరి. చనిపోయినవారు మట్టి మోసినట్లు, ఊరు విడిచినవారు కూలి పుచ్చుకొన్నట్లు వ్రాసిన వ్రాతలు బహిరంగ సభలో బయటపడెను. తిన్న సొమ్ము తిరిగి వసూలైనది స్వల్పమే. అది ప్రభుత్వపు తప్పు గాని, లెక్క చదివినవారిది కాదు.

అంబేడ్కరుగారి హెచ్చరికను తలచి, ఈ ప్రయోగము గ్రామమున గాక పట్టణమున ఆరంభించుట మేలని మాకు తోచుచున్నది. గ్రామమున భూస్వామి యెదుట కూలివాడు లెక్క అడుగుటకు జంకును. పట్టణపు వార్డులో ఆ జంకు కొంత తక్కువ. రాజ్యాంగపు 243-ఎస్ అధికరణము మూడు లక్షలును అంతకు మించియు జనసంఖ్య గల పురములలో వార్డు సంఘములుండవలెననుచున్నది. ఆ వార్డు కౌన్సిలరు సభ్యుడుగా నుండవలెనని మాత్రము నిర్ణయించి, తక్కిన సభ్యులను నింపు విధమును రాష్ట్ర శాసనసభకే విడిచినది. అనగా, దీనికి ఢిల్లీ యనుమతి యక్కరలేదు. రాజ్యాంగ సవరణయు నక్కరలేదు. రాష్ట్ర శాసనసభ ఒక చట్టము చేసిన చాలును. వార్డు వోటర్ల పట్టీలోని పేళ్లన్నియు కుండలో వేయవలయును. భూమి, వేదము, మగతనము అడుగరాదు. వచ్చినవారిలో రోజుకూలి చేయువాడున్నచో ఆ దినపు కూలి ఇయ్యవలయును. ఏథెన్సు వారు తమ న్యాయసభ్యులకు బత్తెమిచ్చినది, బీదవాడు రాలేకపోవునని యెరిగియే.

ఏ పురపాలక సంఘమైనను చట్టము కొరకు వేచియుండక తానుగా ముందుకు వచ్చినచో, మొదటి యేటికి నీటి పన్ను లెక్కయు, వీధి దీపముల లెక్కయు అప్పగించిన చాలును. చీటీలు పఠనమందిరములోనే తీయవచ్చును. బల్ల యున్నది, సాక్షులున్నారు. కుండను మేము కొనియిచ్చెదము.